అక్కచెల్లెండ్ల సంతకం లేకుండ 15 లక్షలు ఇయ్యొద్దు

ప్రశ్న: హన్మకొండల ఎల్‌ఎల్‌బీ చదువుతున్న. మా బాపు ఆర్టీసీ కండక్టర్‌గ రిటైరైండు, 26 లక్షలు వచ్చినయి. మడికొండ దిక్కు బాపు దోస్తు 200 గజాల ప్లాటు అమ్ముతుండు, గజం 11 వేలు. 2 లక్షలు బయానా నగదు ఇచ్చినం. ఇంకో 15 లక్షలు ఇస్తే నోటరీ అగ్రిమెంట్, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, నా బదులు నువ్వు చెయ్యొచ్చని ఇచ్చే కాయితం) రాసిస్త, రిజిస్ట్రేషన్ మెల్లగ పెట్టుకుందం, ఖర్చు మిగుల్తది అంటుండు. 1998 డాక్యుమెంట్ వాళ్ల నాయిన పేరు మీద ఉన్నది, ఆయన చనిపోయిండు. తల్లి, ఇద్దరు అక్కచెల్లెండ్లు ఉన్నరు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లియరే. ఏం చెయ్యమంటరు?

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ 15 లక్షలు ఆపు.

క్లాసుల చదివే ఉంటవ్, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 1882, సెక్షన్ 54. ఉత్త అగ్రిమెంటుతోని ఆస్తిల ఏ హక్కూ రాదని అందులనే రాసి ఉన్నది. మాట ప్రకారం రిజిస్ట్రేషన్ చెయ్యి అని ఆ మనిషిని కోర్టుకు గుంజే హక్కు వస్తది అంతే, అది గూడ అగ్రిమెంట్‌ల పెట్టుకున్న తేదీ నుంచి మూడేండ్ల లోపల్నే. ప్లాటు మీదైతదంటే రిజిస్టరైన సేల్ డీడ్‌తోనే. జీపీఏ సంగతి 2011ల సూరజ్ ల్యాంప్ కేసుల సుప్రీంకోర్టు తేల్చేసింది, దానితోని ఓనర్‌షిప్ మారదు. పొజిషన్ తీసుకుంటం కదా, పొజిషన్‌ల ఉన్న కొనేటోన్ని కాపాడే అదే చట్టం సెక్షన్ 53ఏ మమ్మల్ని కాపాడదా అంటవేమో, 2001 సవరణ నుంచి అగ్రిమెంట్ రిజిస్టరైతేనే 53ఏ, నోటరీ ముద్రకు ఆ బలం లేదు.

ఇదంతా ఒక ఎత్తు, నన్ను భయపెట్టింది మాత్రం డాక్యుమెంట్ ఎవరి పేరు మీదున్నదో అది. 1998ల కొన్నది వాళ్ల నాయిన, అంటే స్వార్జితం. వీలునామా రాయకుండ పోతే హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 8 కింద భార్య, కొడుకు, ఇద్దరు బిడ్డలు, నలుగురికి సమానంగ పోతది. చనిపోయినాయన తల్లి అప్పటికి బతికి ఉంటే ఆమెకో వాటా. ఆడపిల్లలకు పెండ్లి చేసినం, కట్నం ఇచ్చినం, ఇంకేముంటది అని మన దిక్కు అంటనే ఉంటరు, కోర్టుల ఆ మాట నిలవదు. ఇప్పుడు లెక్క చూడు, 200 గజాలల్ల దోస్తుకు వచ్చేది 50 గజాలు, 11 వేల చొప్పున 5 లక్షల 50 వేలు. బయానా కలుపుకొని మీరు ఆయన చేతుల పెట్టేది 17 లక్షలు! ఆ 50 గజాలు గూడ ఏ మూలకున్నయో ఎవరూ చూపెట్టలేరు, పంపకం కాలేదు కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 44 కింద ఆయన వాటా పట్టుకొని మీరే పార్టిషన్ సూట్ (పంపకం దావా) వేసుకోవాలె. కొనేటోడు కట్టిన పైసలకు అదే చట్టం సెక్షన్ 55ల చార్జి (ఆ పైసలకు ఆస్తే పూచీ) ఉంటది కదా అని అడుగుతవ్, ఉంటది, అమ్మేటోని వాటా మేరకే.

ఈసీ క్లియర్ అన్నవ్ గని ఈసీల కనపడేది రిజిస్టరైన లావాదేవీలే. మనిషి పోయిండని, ఇంట్ల వారసులు ఎంతమందని, ఇంకెవరికన్న నోటరీ కాయితం రాసిచ్చిండా అని అందుల రాదు. సాదా బైనామాల గోస మన ఊర్లల్ల చూస్తనే ఉన్నం, తెల్లకాయితం మీద కొని ఏండ్లకేండ్లు దున్నుకున్నోళ్లు గూడ పేరెక్కక ఆఫీసుల చుట్టు తిరిగిండ్రు, ఆఖరికి తెలంగాణ భూముల రికార్డుల చట్టం భూభారతిల దానికో దారి పెట్టాల్సొచ్చింది.

ఇక మిగుల్తదన్న ఖర్చు. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, 22 లక్షల మీద 1 లక్ష 65 వేలు. రేపైనా కట్టుడు తప్పదు, ప్రభుత్వ విలువ పెరిగితే ఇంకెక్కువ పడ్తది.

కొనాల్నని గట్టిగ ఉంటే, తహసీల్ ఆఫీసుల తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్ తెమ్మను. లేఅవుట్‌కు కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అప్రూవల్ గని, ఎల్ఆర్ఎస్ (అప్రూవల్ లేని లేఅవుట్లను రెగ్యులరైజ్ చేసే స్కీం) గని ఉన్నదో చూడు. తల్లి, అక్కచెల్లెండ్లు దోస్తుకు రిలీజ్ డీడ్ (మా వాటా వదులుకున్నం అనే రిజిస్టర్డ్ కాయితం) రాసిస్తే ఆయనొక్కడే అమ్మొచ్చు, నలుగురూ ఒక్కసారే అమ్మేటోళ్లుగ సంతకం పెట్టినా సరే, నాకైతే రెండోదే ఇష్టం, ఒక్కరోజుల తేలుతది. మిగతా పైసలు రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులనే, ఎవరి వాటాకు వాళ్ల పేరు మీద డీడీ. ప్లాటు అడ్వాన్స్ 20 వేలు, ఆపైన నగదు తీసుకోవద్దని ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్, పెనాల్టీ తీసుకున్నోళ్ల మీద పడ్తది, మీరు మాత్రం ఆ 2 లక్షలకు తేదీ వేసి రసీదు తీసుకోండ్రి.

ఇంకో మాట, నువ్వు అడగలేదు గని చెప్పాలె. 22 లక్షలు, పైన 1 లక్ష 65 వేలు పోతే బాపు దగ్గర మిగిలేది 2 లక్షల 35 వేలు. ఆర్టీసోళ్లకు పీఎఫ్ దిక్కు నుంచి వచ్చే ఈపీఎస్ పింఛన్ ఎంతనో మీ ఇంట్ల తెల్వంది కాదు, ప్లాటేమో నెలకు రూపాయి ఇయ్యదు. అదే రేటుకు 100 గజాలు వేరేకాడ దొరికితే రిజిస్ట్రేషన్‌తోని 11 లక్షల 82 వేల 500, మిగిలిన దాంట్ల 12 లక్షలు సీనియర్ సిటిజన్ స్కీంల వేస్తే 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 24,600 వస్తది, దవాఖాన ఖర్చుకు ఇంకో రెండు లక్షలు చేతుల ఉంటయి. నేనైతే ఇదే చెప్త.

దోస్తును సంతకాలు అడుగుడు బాపుకు మొహమాటమైతది, తెలుసు. "మా పిల్లగాడు లా చదువుతుండు, వాడు ఒప్పుకుంటలేడు" అని నీ మీదికి నెట్టెయ్యమను. అక్కచెల్లెండ్లను అడగనే అడగ అని దోస్తు అంటే మాత్రం ప్లాటు మాట బంద్ చేసి, ఆ 2 లక్షలు వాపస్ తెచ్చుకునే ముచ్చట అక్కడికక్కడనే తియ్యండ్రి.