చిన్న కారులో సబ్‌వూఫర్: వాట్ల కన్నా వైరింగు ముఖ్యం

అమెరికాకు కొత్తగా వచ్చి పాత కరోలానో, హోండా ఫిట్‌నో కొనుక్కున్న మన వరంగల్, హనుమకొండ పిల్లలు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: కారులో పాట వినబడుతోంది గానీ ఒగ్గుడోలు మోత వినబడటం లేదు, లోతైన మోతను పలికించే ప్రత్యేక స్పీకరైన సబ్‌వూఫర్ పెట్టించుకోవచ్చా అని. నిస్సందేహంగా పెట్టించుకోవచ్చు. డోలు మీద పుల్ల పడిన చప్పుడును తలుపుల్లోని స్పీకర్లు బాగానే పలికిస్తాయి. ఆ వెంట వచ్చే లోతైన మోత మాత్రం వాటి వల్ల కాదు. పైగా చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ చిన్న స్పీకర్లు దెబ్బతినకుండా బేస్‌ను, అంటే ఆ లోతైన ధ్వనులను, తగ్గించేస్తాయి.

ఇలాంటి కార్లకు ఆంప్లిఫయర్ లోపలే ఉండి, సీటు కింద పట్టే 8 అంగుళాల సబ్‌వూఫర్ సరిపోతుంది. మూసి ఉన్న చిన్న క్యాబిన్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీ ధ్వనులు వాటంతటవే బలపడతాయి గనుక, పెద్ద వ్యాన్‌లో చాలని పెట్టె ఇక్కడ నిండుగా మోగుతుంది. డిక్కీని మొత్తం ఆక్రమించే 12 అంగుళాల పెట్టె కొంటే బియ్యం బస్తాకు కూడా చోటు మిగలదు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే గరిష్ఠ వాట్లను నమ్మకండి. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) అని పక్కన చిన్నగా ఉండే అంకెను చూడండి. అది 75 నుంచి 150 మధ్య ఉంటే చాలు.

కొనే ముందు టేపుతో సీటు కింది ఎత్తు, వెడల్పు కొలవండి. సీటును ముందుకూ వెనక్కూ జరిపి, కిందికి దించి మరీ కొలవండి. వెనుక సీటువారి కాళ్లకు వేడిగాలి పంపే గొట్టం అక్కడ ఉంటే దాన్ని మూయకూడదు. అమెరికా కార్లలో కుడివైపున ఉండే ప్యాసింజర్ సీటులో మనిషి కూర్చున్నాడో లేడో పసిగట్టే సెన్సర్ ఉంటుంది. సీటు కింద కనిపించే పసుపుపచ్చ కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి వెళ్లవద్దు. హోండా ఫిట్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: ఆ కారులో పెట్రోలు ట్యాంకు ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి నేలకు స్క్రూ కొట్టే ఆలోచన పూర్తిగా మానుకొని, పెట్టెను వెల్‌క్రోతోనో, సీటు చట్రానికి పట్టీలతోనో కదలకుండా బిగించాలి. హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్లు హై వోల్టేజివి, వాటిని ముట్టుకోకూడదు.

అసలు పని కరెంటు తీగ దగ్గర ఉంటుంది. 150 వాట్ల ఆంప్లిఫయర్ సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది గనుక సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు తీసుకోవడం తప్పు. తయారీదారు చెప్పిన మందంలో నిజమైన రాగి తీగను నేరుగా బ్యాటరీ నుంచి తెచ్చుకోవాలి. మొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి. బ్యాటరీకి 18 అంగుళాలలోపే ఫ్యూజు పెట్టాలి. ఎందుకంటే ఆ తీగ ఇంజన్ గదిలోంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట రేకు అంచుకు ఒరుసుకొని తొడుగు తెగితే, మంట పుట్టకుండా ఆపేది ఆ ఫ్యూజు ఒక్కటే. తీగ దూరే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి. కరెంటు తిరిగి వెళ్లేందుకు కారు రేకుకు కలిపే గ్రౌండ్ తీగ పొట్టిగా ఉండాలి, పెయింటు గీకిన రేకు మీద బిగించాలి. సీటు బెల్టు బోల్టును అందుకు వాడకూడదు. గ్రౌండ్ సరిగా లేకపోతే ఇంజన్ వేగంతో పాటు హెచ్చుతగ్గులయ్యే సన్నని కూత స్పీకర్లలో వినబడుతుంది. కంపెనీ స్టీరియోకు ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే ఆర్‌సీఏ అవుట్‌పుట్ సాధారణంగా ఉండదు కాబట్టి, స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న మోడల్‌నే ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

బిగించిన తరువాత చాలామంది గెయిన్‌ను (స్టీరియో సిగ్నల్‌కు తగ్గట్టు ఆంప్లిఫయర్‌ను సర్దే మీటను) వాల్యూమ్ అనుకొని చివరిదాకా తిప్పేస్తారు. బురద బురదగా వచ్చే మోతకు సగం కారణం అదే. స్టీరియోలో బేస్‌ను సున్నాలో ఉంచి, తక్కువ ఫ్రీక్వెన్సీలనే వదిలే లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, బాగా తెలిసిన పాట వేసి, గెయిన్‌ను కింది నుంచి మెల్లగా పెంచండి. మోత సీటు కింది నుంచి వస్తోందని తెలియకుండా పాటలో కలిసిపోయిన చోట ఆపండి. మీరు డ్రైవర్ సీటులో కూర్చొని, సబ్‌వూఫర్ ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి మార్చమని పక్కవారికి చెప్పండి. ఏ వైపు డోలు నిండుగా వినిపిస్తే అక్కడే ఉంచండి.

వారంటీ గురించి భయపడనవసరం లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ అనే అమెరికా వారంటీ చట్టం ప్రకారం బయటి పరికరం బిగించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని నిరాకరించడానికి వీల్లేదు. అయితే ఆ పరికరం వల్లే పాడైందని తేలితే ఆ భాగం ఖర్చు మీదే. కాలిఫోర్నియాలో 50 అడుగుల దూరానికి వినబడేంత మోత పెడితే వాహన చట్టంలోని 27007 సెక్షన్ కింద జరిమానా పడుతుంది.

మన ఊళ్లో కార్ డెకార్ షాపువాళ్లు మనం చాయ్ తాగేలోగా పని ముగిస్తారు; ఇక్కడ కూలీ గంటల లెక్కన పడుతుంది కాబట్టి మొత్తం ఎంతవుతుందో ముందే రాయించుకోండి. లీజు కారైతే తీగలు కోయవద్దని స్పష్టంగా చెప్పి, మీ కారు మోడల్‌కు సరిపోయే టీ-హార్నెస్ (తీగలు కోయకుండా కంపెనీ ప్లగ్గుల మధ్య గుచ్చే తీగల కట్ట) మీరే కొని ఇవ్వండి. అప్పుడు కారు తిరిగి ఇచ్చే నాడు ప్లగ్గులు ఊడదీసి, పెట్టెను తరువాతి కారులోకి మార్చుకోవచ్చు.