వైజాగ్‌లో మేడ మీద జుకినీ కాస్తుందా? మన కూరల్లో పనికొస్తుందా?

కాస్తుంది. చూడ్డానికి కీర దోసకాయలా ఉండే ఈ కాయని నాలుగేళ్లుగా ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు పైన కాయిస్తున్నాను. కాకపోతే తేనెటీగ ఉద్యోగం మీరే చెయ్యాలి.

మొదటి ఏడాది నవంబరులో మూడు టబ్బుల్లో గింజలు పెట్టాను. (అక్టోబరులో పెట్టను. 2014లో హుద్‌హుద్ తుఫాను మా మేడ మీద కుండీలన్నీ ఊడ్చేశాక ఆ నెల మీద నాకు నమ్మకం పోయింది.) జుకినీ పాదులా పాకదు, పొదలా కూర్చుంటుంది, పందిరి అక్కర్లేదు. నెల తిరిగేసరికి అరచేతంత పసుపు పూలు. నేను పొంగిపోయాను. అవన్నీ మగ పూలని తర్వాత తెలిసింది. ఆడ పూలు మొదలయ్యాక పిందెలు వేలెడంత పెరగడం, కొస నుంచి పసుపు రంగుకి తిరిగి కుళ్లిపోవడం. గింజలు కొన్న నర్సరీలో అడిగితే ఒక ఎరువు పొట్లం ఇచ్చారు, వారం తర్వాత పురుగుమందు సీసా. అది కొట్టాక దారి తప్పి వచ్చే ఒకటీ అరా ఈగ కూడా మానేసింది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి, సంచి నిండా అమ్మేస్తారు.

అప్పుడే నరసన్నపేట నుంచి అమ్మ వచ్చింది. మేడెక్కి చూసి, "ఏటిరా, ఐదంతస్తులెక్కి తేనెటీగొస్తాదేటి? మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకి రాయి" అంది. కింద చిన్న పిందె ఉన్నది ఆడ పువ్వు, సన్నటి కాడ మీద నిలబడింది మగది. పువ్వు తెల్లవారుతూ విప్పుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది, మర్నాటికి పనికిరాదు. అందుకని మంకీ క్యాప్ పెట్టుకుని, ఫోన్ లైటు వేసుకుని ఆరింటికల్లా పైకెక్కాను. మగ పువ్వు రెక్కలు తుంచేసి, మధ్యలో పుప్పొడి కాడని ఆడ పువ్వు లోపల రుద్దుతున్నాను. వాకింగ్‌కి వచ్చిన పక్క ఫ్లాట్ ఆయన కాసేపు చూసి, "పూజాండీ?" అన్నారు. పెళ్లండీ అన్నాను. నాలుగో రోజుకి పిందె నిలబడింది.

సంక్రాంతికి ఊరెళ్లి, కనుమ దాటాక వచ్చి చూస్తే అది మోచెయ్యంత! జానెడు లోపు కొయ్యాల్సిన కాయ. లోపల గింజ ముదిరిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, చెక్కు తీసి దప్పళంలో పడేసింది. గుమ్మడి ముక్కేదో ఇదేదో నాకు తేడా తెలియలేదు.

తెలియదు కూడా, ఎందుకంటే ఇది గుమ్మడి జాతిదే. ఇటలీ వాళ్ల భాషలో జుక్కా అంటే గుమ్మడి, జుకినీ అంటే బుల్లి గుమ్మళ్లు. ఆ సంగతి దాచి మాల్స్‌లో బ్రొకోలీ పక్కన ప్లాస్టిక్ చుట్టి 'ఎగ్జాటిక్' అని అమ్ముతారు! యూట్యూబులో చూసి దాన్ని నూడుల్స్‌లా తురిమి, నీళ్లోడుతోందని ఏడ్చేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. నూటికి తొంభై అయిదు వంతులు నీళ్లే ఉన్న కాయ ఓడక ఏం చేస్తుంది?

లేత ఆనపకాయ అనుకుని వండండి, గొడవ ఉండదు. చెక్కు తియ్యొద్దు. పోపులో ముక్కలు వేసి, మూత పెట్టకుండా, చుక్క నీళ్లు పొయ్యకుండా పెద్ద మంట మీద వేయించి, ఉప్పు చివర్లో. కాస్త చింతపండు గుజ్జు పోసి దగ్గరపడ్డాక దింపి, అప్పుడు ఆవ కలపండి. పొయ్యి మీదుండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది. కాయే చేదుగా ఉంటే మాత్రం మొహమాటపడకుండా పారెయ్యండి, ఆ చేదు కడుపుకి మంచిది కాదు. నాకు ఆవ పెట్టిన జుకినీ ముందు ఆనపకాయ కూడా దిగదుడుపే. మా ఆవిడ ఒప్పుకోదు.

ఫిబ్రవరి చివరికల్లా ఆకుల మీద పౌడరు చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది. వేపనూనె కొడితే ఇంకో పది రోజులు లాగుతుందేమో, నేనైతే పీకేసి బెండ పెట్టేస్తాను.

అన్నట్టు, మిగిలిన మగ పూలు పారెయ్యకండి. శనగపిండిలో ముంచి బజ్జీలు వేసుకోవచ్చు. పూజా అని అడిగిన పక్క ఫ్లాట్ ఆయన ఇప్పుడు వాటికోసం ఆరింటికల్లా గిన్నె పట్టుకుని మేడెక్కుతున్నారు.