కరాయన్ బీథోవెన్ సెట్లు రెండు కొన్నా, సౌండ్ వేరే ఎందుకుంది? – సమాధానం

అవి రెండూ వేర్వేరు రికార్డింగులు అందుకే, మీ ప్లేయర్ జోలికెళ్లకండి. కండక్టర్ కరాయన్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతోనే బీథోవెన్ తొమ్మిది సింఫనీలూ మూడుసార్లు రికార్డు చేశాడు: 1961-62, 1975-77, మళ్లీ 1980ల్లో డిజిటల్‌గా. ఇవి కాక 1950ల్లో లండన్‌లోని ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో ఒక సెట్ ఉంది.

1. అట్ట మీద కనపడే సంవత్సరం చూసి మోసపోవద్దు, అందరూ ఇక్కడే బోల్తా పడతారు (నేనూ పడ్డా), అది రీమాస్టర్ చేసిన (పాత రికార్డింగ్ సౌండ్‌ని మళ్లీ శుభ్రం చేసిన) ఏడాదో మళ్లీ రిలీజ్ చేసిన ఏడాదో అయ్యుంటుంది. లోపలి బుక్‌లెట్‌లోనో బాక్స్ వెనకో చీమల్లాంటి అక్షరాల్లో హాలు పేరు, నెల, సంవత్సరం ఉంటాయి, అది చూడండి. బెర్లిన్ యేజుస్ క్రిస్టుస్ కిర్షె (రికార్డింగ్ చేసిన చర్చి), 1961-62 అని ఉంటే ఆ సెట్ ఉంచుకోండి, రెండోది ఎవరికైనా ఇచ్చేయండి.

2. స్ట్రీమింగ్ యాప్‌లో చూపించే ఏడాదీ అంతే, నమ్మొద్దు.

3. ఇంకో ఫుల్ సెట్ కొనకండి, విడిగా తీసుకోండి. 5, 7 సింఫనీలకి కండక్టర్ కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా (1974-76), రెండూ ఒకే సీడీలో దొరుకుతాయి. 6కి (దాన్నే పాస్టోరల్ అంటారు) కండక్టర్ బ్రూనో వాల్టర్ 1958ది, ఎందుకంటే 1962 కరాయన్ పాస్టోరల్ రైలు తప్పిపోతుందన్నట్టు పరిగెడుతుంది.