కోడ్ చూసి సెన్సార్ మార్చకు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. చీమకుర్తి క్వారీలో డంపర్ ఆగితే లోడింగ్ మొత్తం ఆగుతుంది, సూపర్‌వైజర్ వచ్చి నెత్తిమీద నిలబడతాడు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ తొందరలోనే డబ్బు వృథా అవుతుంది. ఆయిల్ ప్రెజర్ సెన్సార్ ఇప్పటికే రెండుసార్లు మార్చారు, స్క్రీన్ మీది ఫాల్ట్ కోడ్ మాత్రం పోలేదు. మూడోదానికి ఆర్డర్ పెట్టించకు. ముందు మల్టీమీటర్ పట్టుకో.

స్క్రీన్ మీద 100, పక్కన 4 వస్తోందన్నావు. మొదటిది ఎస్‌పీఎన్, అంటే లోపం దేనిలోనో చెప్పే నంబరు; 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెజర్. రెండోది ఎఫ్‌ఎంఐ, అంటే లోపం ఏ రకమో చెప్పే నంబరు; 4 అంటే ఆ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ వస్తోందని. ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని కాదు. ప్రెజర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోతే అదే 100 పక్కన 1 వస్తుంది. అది కనిపిస్తే ఇంకేమీ చూడకుండా ఇంజిన్ ఆపెయ్యాలి. ఈ తేడా మీ ఆపరేటర్లందరికీ కూర్చోబెట్టి చెప్పు. అయినా సరే, నువ్వు మొదట మామూలు గేజ్ బిగించి ప్రెజర్ ఒకసారి చూసుకో. వైరింగ్ తప్పు అనుకుంటూ నడిపి బేరింగులు పోగొట్టుకోకూడదు.

నీ మెసేజ్‌లో నాకు అసలు విషయం చివర్లో దొరికింది. బూస్ట్ ప్రెజర్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) కోడ్ 102 కూడా అప్పుడప్పుడూ వస్తోందన్నావు, దాని పక్కనా 4 ఉందన్నావు. రెండు సెన్సార్లు ఒకేసారి చెడిపోవడం అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఏముందో వెతకాలి. ఈ ప్రెజర్ సెన్సార్లకు మూడేసి వైర్లు ఉంటాయి: ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) నుంచి వచ్చే 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. చాలా ఇంజిన్లలో ఆ 5 వోల్టుల సప్లై రెండు మూడు సెన్సార్లకు కలిపి ఉంటుంది. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా, ఆ వైరు ఎక్కడో బ్లాకుకి రాసుకుని బాడీకి తగిలినా, అన్నింటికీ 5 వోల్టులు పడిపోతాయి. అప్పుడు కోడ్ ఆయిల్ సెన్సార్ పేరు చెబుతుంది, తప్పు వేరే చోట ఉంటుంది. పుండొకచోట, మందొకచోట అన్నట్టు అవుతుంది.

కాబట్టి ఇలా చెయ్యి. కీ ఆన్‌లో ఉంచు, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు. ఆయిల్ ప్రెజర్ సెన్సార్ కప్లర్ ఊడదీసి, వైరింగ్ వైపు 5 వోల్టుల పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య చూడు. 4.8 నుంచి 5.2 లోపు ఉండాలి. లేకపోతే మీటర్ అక్కడే ఉంచి, ఆ సప్లై మీద ఉన్న మిగతా సెన్సార్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకించు. సర్క్యూట్ డయాగ్రమ్ చూసి ఏవేవి ఉన్నాయో ముందే రాసుకో. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ. అన్నీ పీకినా రాకపోతే కీ ఆఫ్ చేసి, బ్యాటరీ ఐసోలేటర్ (బ్యాటరీ కరెంటు మొత్తం ఆపే స్విచ్) ఆఫ్ చేసి, ఈసీఎం కప్లర్ విప్పి, ఆ వైరుకీ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ చూడు. మీటర్ ఓపెన్ అనే చూపాలి, అంకె రాకూడదు. సున్నాతో సహా ఏ అంకె వచ్చినా క్లిప్పులున్న చోట, టర్బో వేడి తగిలే చోట, బ్రాకెట్ అంచు మీదుగా వైరు వెళ్లే చోట వేలితో తడుముతూ వెళ్లు. గ్రానైట్ ధూళి క్లిప్పులో చేరితే ఆకురాయిలా వైరు పైతొడుగును అరగదీస్తుంది.

ఒక మాట గట్టిగా చెబుతున్నా. మీటర్ పుల్లను కప్లర్ ఆడ పిన్నులోకి దూర్చకు. అది ఒకసారి వెడల్పైతే లూజ్ కాంటాక్ట్ వస్తుంది, ఆ తర్వాత వర్షంలో ఒకలా, ఎండలో ఒకలా ఆడుతుంది. సరిపడే పిన్నుకి వైరు కట్టుకుని దానితో చూడు. వైరుకి సూది గుచ్చి చూడటం కూడా వద్దు. ఆ కన్నంలోంచి నీళ్లు దిగి లోపల రాగి పచ్చబడుతుంది.

ఇక నువ్వు రాసిన ఇంకో సంగతి, పొద్దున్నే సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) బరువుగా తిరగడం గురించి. అది వేరే జబ్బు, దీనితో కలపకు. రాత్రంతా ఆపిన బండిలో ఒక్కో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, రెండూ కలిపి 25.2. రెండింటికీ తేడా ఎక్కువుంటే బ్యాటరీల దగ్గరే ఆగి తేల్చుకో. బాగుంటే కేబుల్ చూడు. చాలామంది ఇక్కడ కేబుల్‌కి ఓమ్స్ పెట్టి సున్నా వచ్చిందని వదిలేస్తారు. లోపల పోగులన్నీ తెగి నాలుగు మిగిలినా ఓమ్స్ సున్నాయే చూపిస్తుంది. వందల ఆంపియర్లు లాగినప్పుడే దాని సంగతి బయటపడుతుంది. అందుకని ఇంజిన్ అందుకోకుండా ఇంధనం ఆపి, సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పాజిటివ్ పోస్టుకీ సెల్ఫ్ మోటార్ స్టడ్డుకీ మధ్య వోల్టేజ్ చూడు. తర్వాత నెగటివ్ పోస్టుకీ సెల్ఫ్ బాడీకీ మధ్య చూడు. మీటర్ పుల్ల కేబుల్ చివరి లగ్ మీద కాదు, బ్యాటరీ పోస్టు మీదే పెట్టాలి. 24 వోల్టుల బండిలో ఏ వైపైనా ఒక వోల్టు దాటిందంటే ఆ దారిలోనే తప్పుంది: కేబుల్, ఐసోలేటర్, లేదా పెయింట్ మీద బిగించిన ఎర్త్ లగ్. నా అనుమానం ఎర్త్ మీదే. సెల్ఫ్ ముప్పై సెకన్లకు మించి కొట్టొద్దు, కొట్టాక రెండు నిమిషాలు చల్లారనివ్వు. బండి స్టార్టయ్యాక డైనమో 27.5 నుంచి 28.5 దాకా ఇస్తోందో లేదో కూడా రాసుకో.

క్వారీలో వెల్డింగ్ ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. డంపర్ బాడీకి అతుకు వేసేటప్పుడు ఐసోలేటర్ ఆఫ్ చేయించు, మాన్యువల్ చెప్పినట్టు ఈసీఎం కప్లర్లు విప్పించు, ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టించు. వెల్డర్ కసురుకున్నా సరే, నువ్వు దగ్గరుండి చూడు.

నీ ఒళ్లు కూడా జాగ్రత్త. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. చేతికి ఉంగరం, కడియం తీసెయ్. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ వైర్లు ముట్టుకోకు, అక్కడ బ్యాటరీకన్నా చాలా ఎక్కువ వోల్టేజ్ ఉంటుంది. లేపిన బాడీ కింద సపోర్ట్ పెట్టకుండా తల దూర్చకు, ఎవరు తొందరపెట్టినా.

రేపు పొద్దున బండి చల్లగా ఉండగానే బ్యాటరీ రీడింగులు తీసుకో, తర్వాత 5 వోల్టుల పని మొదలుపెట్టు. అన్నీ కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. సాయంత్రం షిఫ్ట్ దిగాక ఫోన్ చెయ్యి, డయాగ్రమ్ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఇట్లు
మీ మామయ్య