ముందు మంటకి చోటు చూడు, నాన్నా

చిన్నా, వందనాలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, మీ చర్చిలో నెలకోసారి జానపద పాటల రాత్రి పెడుతున్నావట. సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వెంటనే గుండె దడ కూడా మొదలైంది. పడుకుంటే నిద్ర పట్టలేదు, లేచి రాస్తున్నా.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. మొదటి ఆదివారం ప్రభు బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఉంటుంది కదా, ఆ ముందురోజు అందరికీ పనులుంటాయి, రెండో శనివారం పెట్టుకో. రాత్రి 10 దాటాక మైకు మోగకూడదని చట్టం, నువ్వు తొమ్మిదిన్నరకే ముగించు. వైర్లు తడి నేల మీద పడనివ్వకు. కుర్చీలు లేకపోతే పట్టాలు చాలు.

పాడేవాళ్ళు చాలామంది కూలికి వెళ్ళేవాళ్ళే, అది మర్చిపోకు. మిరపకాయ కోతలప్పుడు పొద్దుగూకేదాకా చేలోనే ఉంటారు, ఇంటికొచ్చి రెండు మెతుకులు తిని నీ దగ్గరికి రావాలి. ఆ నెలల్లో ఏడున్నరకి మొదలుపెట్టు, ఆలస్యమైందని ఎవర్నీ ఒక్క మాట అనకు. బుర్రకథ వాళ్ళని పిలిస్తే ఆ రాత్రంతా వాళ్ళకే ఇచ్చెయ్. తంబురా పట్టుకున్న కథకుడు, అటూఇటూ ఇద్దరు వంతలు, ఆ ముగ్గురూ ఊపందుకోడానికే అరగంట పడుతుంది, వాళ్ళకి ఇరవై నిమిషాలు ఇవ్వడమంటే పిలిచి అవమానించడమే.

ఇక నేను అసలు రాయాలనుకున్నది.

1991లో మన ఊరి గుడిలో, అదే మన చర్చిలో, నేనూ ఇలాంటిదే పెట్టాను, నీకెప్పుడూ చెప్పలేదు. ఆ డిసెంబరు నెలకి డప్పు కొట్టమని మా బాబాయిని పిలిచాను, మీ తాతకి వరసకి తమ్ముడు. నలుగురొచ్చారు. ఆరింటికే రమ్మని చెప్పి, వాళ్ళని ఆఖరున పెట్టాను. బయట మంచు కురుస్తోంది. మేకతోలు తేమకి ఎంత తొందరగా మెత్తబడుతుందో నాకు తెలియదా, డప్పులున్న ఇంట్లో పుట్టినదాన్ని! అయినా ముందు క్వైరు, తర్వాత పట్నం నుంచి వచ్చిన కీబోర్డు అబ్బాయి, తర్వాత వాక్య ప్రసంగం, మళ్ళీ క్వైరు. తొమ్మిదైంది. బాబాయి చిటికెన పుల్లతో డప్పు మీద తట్టి చూశాడు, తడిగుడ్డ మీద కొట్టినట్టు పలికింది. వేపచెట్టు కింద గుప్పెడు ఎండుగడ్డి ముట్టించి నలుగురూ డప్పులకి సెగ చూపిస్తున్నారు. అంతలో సంఘ పెద్ద ఒకాయన బయటికొచ్చి, ఇది దేవుడి ఆవరణ అనుకున్నారా శ్మశానం అనుకున్నారా అని అరిచాడు.

అందరూ నా వైపు చూశారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? “బాబాయ్, ఇవ్వాళ్టికి టైం అయిపోయింది, వచ్చే నెల చూద్దాం.”

ఆయన ఏమీ అనలేదు. కాలితో మంటార్పాడు. నిప్పు ఎక్కడైనా మిగిలిందేమోనని వంగి చేత్తో తడిమి మరీ చూశాడు. నలుగురూ అన్నం తినకుండా వెళ్ళిపోయారు. తెల్లారి డబ్బు పట్టుకెళ్తే పిన్ని తీసుకోలేదు. బాబాయి మళ్ళీ ఎప్పుడూ గుడి ఆవరణలో డప్పు ముట్టుకోలేదు. ఇంకో మూడు నెలలు పాటలు పెట్టి నేనే ఆపేశాను, నాకే ఇష్టం లేకపోయింది.

ఆ అరిచిన పెద్దాయన మీద చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాను. తర్వాత తర్వాత అర్థమైంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సండే స్కూల్లో చెప్పేవాళ్ళు కదా, ఆ తరం మాదిగ విశ్వాసులు గ్రామదేవతల జాతరలకి డప్పు కొట్టం అన్నందుకు ఊళ్ళో కూలి పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు. డప్పు వదిలెయ్యడం వాళ్ళకి విశ్వాసం. అందుకని మీ సంఘంలో ఎవరైనా ముసలాయన డప్పు వద్దంటే పాతకాలం మనిషని తీసిపారెయ్యకు, ఇంటికెళ్ళి కూర్చుని ఆయన చెప్పేది విను. కానీ నా తరానిది వేరే సంగతి. చదువుకున్నాం, ఉద్యోగాలొచ్చాయి, డప్పు మోగితే మనమెవరమో పదిమందికి తెలిసిపోతుందని భయపడ్డాం. పైకి భక్తి అన్నాం గానీ నాకు తెలుసు, అది సిగ్గు.

కాబట్టి నువ్వు పోస్టర్ సంగతి తర్వాత చూసుకో. ముందు పాస్టరు అయ్యగారితో, కమిటీతో కూర్చుని ఆవరణలో డప్పు కాచుకోడానికి ఫలానా చోటు అని తేల్చు, మినిట్స్ పుస్తకంలో రాయించు. పక్కన రెండు బకెట్ల నీళ్ళు పెట్టించు. డప్పు వాళ్ళని మొదట పెట్టు. డబ్బు కవరు అన్నానికి ముందే చేతికివ్వు, బస్సు ఛార్జీ విడిగా. “దేవుడి పని కదా” అనే మాట వాళ్ళ దగ్గర నీ నోటినుంచి రాకూడదు, వస్తే నేను ఊరుకోను. అన్నం అందరితోపాటు అదే బంతిలో, అవే ప్లేట్లలో.

పోస్టర్ అంటే గుర్తొచ్చింది. నీ ఫోటో, బ్యాండు ఫోటో వేశావట, పాడే పెద్దవాళ్ళ పేర్లు ఒక్కటీ లేవట. ఏంట్రా అది? మార్చు. పేర్లు ఇంటిపేర్లతో సహా వెయ్యి.

కోప్పడ్డానని బాధపడకు నాన్నా. నీ గొంతు అచ్చం మీ తాతదే, ఫోన్లో నువ్వు హలో అంటే ఒక్కోసారి ఉలిక్కిపడతాను. ఆయన డప్పు మన అటక మీదే ఉంది, తోలు చిరిగింది. బాబాయి మనవడు ఇప్పటికీ డప్పులు కడతాడు. నేను ఫోన్ చెయ్యను, నువ్వే వెళ్ళి అడుగు, ఎవరి మనవడివో ముందే చెప్పు.

రెండో శనివారం మధ్యాహ్నం మూడింటి బస్సుకి బయల్దేరతాను. ఎండుగడ్డి మీ టౌన్‌లో దొరకదు, ఓ కట్ట నేను తెస్తాను.

మీ అత్త