కౌటౌన్ కబుర్లు: ఫోర్ట్‌వర్త్ గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ ఊరిని 'కౌటౌన్' అంటారని ఎవరో చెప్పినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మరీ పల్లెటూరా?
– ఒక తల్లి, చీరాల

అమ్మా, టెన్షన్ అక్కర్లేదు. 2024 అంచనాల ప్రకారం ఆ ఊరి జనాభా పది లక్షలు దాటింది, అమెరికాలో అంత జనం ఉన్న నగరాలు డజను లోపే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ హెడ్డాఫీసు అక్కడే, ఎఫ్-35 యుద్ధ విమానాలు తయారయ్యేదీ అక్కడే. డాలర్ నోట్లు అచ్చయ్యే ఊళ్లు రెండే ఉంటే అందులో ఇదొకటి. అబ్బాయి డాలర్ నోటు తెచ్చినప్పుడు ముందు వైపు ఎఫ్‌డబ్ల్యూ అనే బుల్లి అక్షరాలు ఉన్నాయేమో చూడండి, ఉంటే అది ఆ ఊళ్లో అచ్చయిన నోటే. డాలస్‌కు యాభై కిలోమీటర్లు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో అన్నీ కారులో వెళ్లి వచ్చేంత దూరమే. అయితే 'డాలస్ పక్కూరు' అని మాత్రం అక్కడివాళ్ల దగ్గర అనకండి, వాళ్లకు నచ్చదు. నాకూ నచ్చదు, ఎందుకో కింది జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: అంత పెద్ద నగరానికి పశువుల పేరు ఎలా వచ్చింది?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

ఊరు మొదలైంది సైన్యం కోసం. 1849లో ట్రినిటీ నది ఒడ్డున మిట్ట మీద మేజర్ రిప్లీ ఆర్నాల్డ్ ఒక చిన్న కోట పెట్టి, జనరల్ వర్త్ పేరు పెట్టాడు. నాలుగేళ్లకే సైన్యం వెళ్లిపోయింది. ఊరు నిలబడింది పశువుల వల్లే.

అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో లక్షల పశువులు ఉన్నాయి, కొనేవాడు లేడు. ఇక్కడ 4 డాలర్లు పలికే పశువు ఉత్తరాదిలో 40 పలికేది. కానీ రైలు ఉన్నది ఉత్తరాన కాన్సస్ రాష్ట్రంలో. అందుకని రెండు మూడు వేల తలల మందను పది పన్నెండు మంది కౌబాయ్‌లు నెలల తరబడి నడిపించుకుంటూ తీసుకెళ్లేవారు, రోజుకు పదిహేను ఇరవై కిలోమీటర్లే, ఎందుకంటే తొందరపెడితే పశువు చిక్కిపోతుంది, చిక్కిపోతే ధర పడిపోతుంది. ఆ దారే చిజమ్ ట్రెయిల్. దాని మీద పిండి, కాఫీ, మందుగుండు కొనుక్కోవడానికి చివరి పెద్ద మజిలీ ఫోర్ట్‌వర్త్, అది దాటితే రెడ్ రివర్ అనే నది, ఆపైన అమెరికా ఆదివాసీ తెగల భూమి. 1866 నుంచి 1890 లోపు 40 లక్షలకు పైగా పశువులు ఈ ఊరి మీదుగా నడిచాయి.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం రైలుది. 1873లో దేశమంతా ఆర్థిక సంక్షోభం వచ్చి ఊరి వైపు వస్తున్న పట్టాలు డాలస్ దాటాక ఆగిపోయాయి, చాలామంది ఊరొదిలి పోయారు. నడివీధిలో చిరుత పడుకుని నిద్రపోతోందట, అదీ వాళ్ల ఊరి సందడి అని డాలస్ పత్రికలో ఒకాయన ఎగతాళి చేశాడు. ఊరివాళ్లు కుంగిపోలేదు, ఆ చిరుతనే గుర్తుగా పెట్టుకున్నారు, ఈనాటికీ పోలీసుల బ్యాడ్జి మీద ఉంది. తర్వాత తామే ఒక కంపెనీ పెట్టుకుని రాత్రింబవళ్లు మట్టి పని చేసి, 1876 జూలై 19న రైలును ఊళ్లోకి రప్పించుకున్నారు.

రైలు వచ్చాక సంత వచ్చింది, సంత వెంట కబేళాలు వచ్చాయి. 1903లో ఆర్మర్, స్విఫ్ట్ కంపెనీలు పెద్ద మాంసం ఫ్యాక్టరీలు తెరిచాయి. మనలో చాలామందికి ఇది వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ ఊరు పెరిగింది దానివల్లే కాబట్టి దాచి చెప్పలేను. 1944లో ఒక్క ఏడాదే 50 లక్షలకు పైగా జీవాలు ఆ దొడ్ల గుండా పోయాయి. ఆ తర్వాత లారీలు, ఎక్కడికక్కడ చిన్న సంతలు వచ్చి వ్యాపారం తగ్గింది. ఆర్మర్ 1962లో, స్విఫ్ట్ 1971లో మూతపడ్డాయి.

ఇంకో మాట. కౌబాయ్ అనగానే మనకు కృష్ణ గారు, లేదంటే తెల్లవాళ్లే గుర్తొస్తారు. నిజానికి ఆ పనిలో నల్లవాళ్లు, మెక్సికన్లు చాలామంది ఉన్నారు. కౌబాయ్‌ల పోటీలకు వాడే రోడియో అన్న మాటే స్పానిష్, మందను చుట్టుముట్టడం అని అర్థం. గుర్రం మీంచి దూకి కోడె కొమ్ములు పట్టి పడేసే ఆటకు ఆద్యుడు బిల్ పికెట్, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కొడుకు. ఆయన విగ్రహం ఇప్పుడు ఆ పాత పశువుల సంత ఉన్న స్టాక్‌యార్డ్స్ అనే పేటలోనే ఉంది.

ప్రశ్న: ఇప్పటికీ అక్కడ పశువులు కనిపిస్తాయా? పిల్లలతో వెళ్తున్నాం.
– ఒక గృహిణి, హైదరాబాద్

కనిపిస్తాయి. స్టాక్‌యార్డ్స్‌లో ఎక్స్ఛేంజ్ అవెన్యూ అనే ఇటుక వీధి ఉంది, అక్కడ రోజూ పొద్దున 11:30కి, సాయంత్రం 4కి మందను నడిపిస్తారు. వాతావరణం బాగాలేకపోతే ఆపేస్తారు. నేను చూసినప్పుడు ముందు జనం సద్దుమణిగారు, తర్వాత ఇటుకల మీద గిట్టల చప్పుడు వినిపించింది, ఆ తర్వాతే కొమ్ములు కనిపించాయి. ఈ కొస నుంచి ఆ కొసకు ఆరడుగుల పైన ఉంటాయి. పక్కపక్కనే నడుస్తున్నా ఒకదాని కొమ్ము ఇంకోదానికి తగలకుండా తల కాస్త వంచుకుని పోతాయి, అది గమనించమని పిల్లలకు చెప్పండి. పావుగంట ముందే వెళ్లి నిలబడితే మంచిది. జూలై, ఆగస్టుల్లో ఎండ మన రెంటచింతల ఎండే, టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. డాలస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) ఎయిర్‌పోర్టు నుంచి టెక్స్‌రైల్ అనే రైలు ఎక్కితే నార్త్ సైడ్ స్టేషన్‌లో దిగొచ్చు, కారు లేకపోయినా పర్వాలేదు.

ప్రశ్న: పశువులు తప్ప చూసేవి ఏమున్నాయి?
– రిటైర్డ్ టీచర్, విజయనగరం

కింబెల్ ఆర్ట్ మ్యూజియం తప్పకుండా చూడండి. కట్టింది లూయీ కాన్, అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన ఆయనే. 1972లో తెరిచారు. పైకప్పు వంపుల మధ్య సన్నని చీలిక నుంచి పడే వెలుగు కాంక్రీటును వెండిలా మారుస్తుంది. బొమ్మల మీద ఆసక్తి లేకపోయినా ఆ వెలుగు కోసం వెళ్లండి.

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. నాన్న ఒకప్పుడు బండలాగుడు పందేలకు గిత్తల్ని మేపారు. టెక్సాస్ పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉందంటారు, నిజమేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

నిజమే. టెక్సాస్ ఎండకు, గోమార్లకు ఇంగ్లండ్ జాతులు తట్టుకోలేకపోయాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరాన్నే టెక్సాస్ ఫీవర్ అనేవారు. అందుకని మన దేశం నుంచి మూపురం ఉన్న పశువుల్ని తెప్పించుకున్నారు, 1906లో టెక్సాస్‌లో పియర్స్ రాంచ్ అనే పశువుల క్షేత్రానికి వచ్చినవి అలాంటివే. గిర్, గుజరాత్ జాతులతో పాటు మన ఒంగోలు కూడా కలిసి అమెరికన్ బ్రామన్ జాతి తయారైంది. అక్కడ ఒంగోలు జాతిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే.

ఫోర్ట్‌వర్త్ స్టాక్ షో అనే పశువుల ప్రదర్శన 1896 నుంచి నడుస్తోంది, ఏటా జనవరి, ఫిబ్రవరిల్లో జరుగుతుంది. నాన్నగారు ఆ చలికి తట్టుకోగలిగితే అప్పుడే రప్పించండి. కొట్టాల్లో బ్రామన్ కనబడితే మూపురం, గంగడోలు, వాలిన చెవులు ఆయన్నే చూడనివ్వండి, మనకంటే ఆయనకే బాగా తెలుస్తుంది. రోడియోలో మనిషిని ఎత్తి పడేసే ఎద్దుల్లో కూడా చాలావాటికి బ్రామన్ రక్తం ఉంటుంది. ఆయన ఏమన్నారో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.