క్వారంటైన్ సరే, వాకిలికి ముళ్లకంప ఎందుకు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. 2020లో మా తమ్ముడు గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు పనికెళ్లి లాక్‌డౌన్‌లో ఇరుక్కుని బస్సులో వచ్చాడు. సెంటర్లో 14 రోజులు ఉంచారు, నెగెటివ్ వచ్చింది. ఇంటికొచ్చాక ఊళ్లోవాళ్లు వాకిలికి కంప అడ్డం పెట్టి, గోడకి వాడి పేరుతో కాగితం అంటించారు. ఇంట్లో కుళాయి లేదు, బోరింగు దగ్గరికి నీళ్లకి వెళ్తే పోలీసులు ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 188, 269 సెక్షన్ల కింద కేసు రాశారు. ఇప్పుడు గల్ఫ్‌కి పాస్‌పోర్టు పెడితే ఆ కేసు బయటపడింది.

జవాబు: అమ్మా, రోగం ప్రబలినప్పుడు మనిషిని విడిగా ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంది, 1897 నాటి అంటువ్యాధుల చట్టం నుంచీ ఉంది, దాన్ని కాదనలేం. కానీ అది అధికారి ఇచ్చిన ఉత్తర్వుతో, ఇన్ని రోజులని లెక్కతో రావాలి. మీ వాకిట్లో కంప వేసిందెవరు? ఊరు. ఊరికి ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు, అది క్వారంటైన్ కాదు, మనిషిని అక్రమంగా నిర్బంధించడం. గోడ మీద కాగితం సంగతి కూడా అంతే, అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అలా అంటించకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మానవ హక్కుల కమిషన్‌కి మాత్రం ఏడాది లోపు వెళ్లాలి, ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది.

ఇక కేసు. చాలామంది ఇక్కడే చూసుకోరు. 188 అంటే అధికారి ఉత్తర్వు మీరడం. ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో స్వయంగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలి, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం, సీఆర్‌పీసీలోని 195 సెక్షన్ అదే చెబుతుంది. కలెక్టర్ ఉత్తర్వు మీరాడని ఎస్‌ఐ ఛార్జిషీటు వేసేస్తే సరిపోదు. 269 నిలబడాలంటే మీవాడి పనివల్ల ప్రాణాంతక రోగం అంటుకునే అవకాశం ఉండాలి, నెగెటివ్ వచ్చినవాడు బిందె పట్టుకుని బోరింగుకి వెళ్తే ఏం అంటుకుంటుంది చెప్పండి!

ఈ రెండు కారణాలతో హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని పిటిషన్, వేయొచ్చు. కేసు కాలం చెల్లిపోయిందని ఎవరైనా అంటే దానిమీదే ఆశ పెట్టుకోకండి, 15.03.2020 నుంచి 28.02.2022 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది, మన కేసుకీ అదే వర్తిస్తుందని అవతలివాళ్లు వాదిస్తారు.

పాస్‌పోర్టుకి అంత టెన్షన్ వద్దు. ఉత్త ఎఫ్‌ఐఆర్ మాత్రమే ఉంటే కోర్టులో కేసు నడుస్తున్నట్టు కాదు. కోర్టు తీసుకుని ఉంటే, 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం విదేశం వెళ్లడానికి ఆ కోర్టులోనే అనుమతి అడగొచ్చు. కాబట్టి ముందు కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీవాడి పేరు కొట్టి సీసీ నెంబరు, అంటే కోర్టు కేసు తీసుకున్నాక ఇచ్చే నెంబరు, పడిందో లేదో చూడండి. లాయరు ఫీజు కష్టమైతే ఉచిత న్యాయ సహాయం నెంబరు 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి.

అన్నట్టు, సెంటర్ నుంచి పంపినప్పుడు ఇచ్చిన ఆ నెగెటివ్ స్లిప్పు ట్రంకు పెట్టెలోనైనా ఉందా? ముందు అది వెతకండి.